ఇరవై గోవిందలకు ఒక చుక్క

వెనక సీటు మీద ఎండ కూర్చునేది.

చెయ్యి పెడితే చురుక్కుమనేది. గాలి వీస్తే ఒక చింతాకు వచ్చి వాలేది. కాసేపుండి అదీ ఎగిరిపోయేది.

ఏడాదిపాటు ఆ సీటు మీద జ్ఞానాంబ కూర్చోలేదు.

జ్ఞానాంబ నా భార్య. నగరిలో నేతగాళ్ళ ఇంటి పిల్ల. నాది తిరుపతిలో చిన్న గుడ్డల అంగడి. మామ కుప్పయ్య నేస్తాడు, నేను అమ్ముతాను. రెండూళ్ళ మధ్య ఒక పాత మోటారు సైకిల్. చైను మీది రేకుమూత ఎప్పుడో ఊడిపోయింది.

నూనె లేకుంటే చైను కిర్రుమంటుంది.

నూనె పోస్తే చిమ్ముతుంది.

ఎండినా తప్పే, తడిసినా తప్పే... నడిమిదారి ఎక్కడుందో నాకు తెలియలేదు.

ఏడాది కిందట ఒక రోజు, నగరికి దూర ప్రయాణమని చైనుకు ధారగా పోశాను. పండగనాడు దీపానికి పోసినట్టు పోశాను. ఆమె ఎడమవైపు కాళ్ళు వేసుకుని కూర్చుంది. చైనూ ఎడమవైపే. ఒంటి మీద వాళ్ళ నాయన నేసిన చీర — తెల్లటి చీర, చిలకపచ్చ అంచు, మొదటిసారి కట్టింది.

పుత్తూరులో దిగి చూస్తే అంచు పొడుగునా నల్లటి చుక్కలు.

తిట్టలేదు.

తిట్టి ఉంటే బాగుండేది.

"నువ్వు బండ్లో రా. నేను బస్సుకొస్తా," అంది. అంతే.

అప్పటినుంచి నగరికి కలిసే వెళ్ళేవాళ్ళం. ఆమె బస్సులో — నేను బస్సు వెనక. ఆమె కిటికీలో — నేను దుమ్ములో. వడమాలపేటలో బస్సు ఆగితే నేనూ ఆగేవాణ్ణి.

"ఏమప్పా, బస్సుకు కాపలానా? నీకూ ఒక టిక్కెట్టు కొట్టాల్నా?" అనేవాడు కండక్టరు.

బస్సంతా నవ్వేది. ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వు నా దాకా వచ్చేసరికి దుమ్ముకొట్టుకుపోయి ఉండేది.

కొండకేసి దండం పెట్టి అడిగాను. పెద్ద కోరిక కాదు స్వామీ. వెనక సీటు నిండితే చాలు.

ఆయన నాకు జ్వరం ఇచ్చాడు.

రెండు రోజులు ఆస్పత్రి మంచం మీద ఉన్నాను. తలపైన గ్లూకోజు సీసా. సీసాకు సన్నటి గొట్టం. గొట్టానికి గోరంత చక్రం. నర్సమ్మ మునెమ్మ ఆ చక్రాన్ని వేలితో అలా కదిలిస్తే — చుక్క... ఆగి... చుక్క. ఇలా కదిలిస్తే — చుక్క చుక్క చుక్క.

జ్వరం సంగతి మరిచిపోయాను.

"అమ్మా, ఈ గొట్టం పారేసేదయితే నాకియ్యి."

"ఏం చేసుకుంటావప్పా?"

"బండికి ఎక్కిస్తా."

"ఏం, దానికీ జరమొచ్చిందా?" అని ఆమె వార్డంతా వినబడేలా నవ్వింది. నవ్వుతూనే గొట్టాన్ని కాగితంలో చుట్టి ఇచ్చింది.

ఇంటికొచ్చి వేడినీళ్ళతో కడిగాను. పసుపునీళ్ళతోనూ కడిగాను. ఆస్పత్రి వస్తువు కదా... పసుపు తగిలితే మనసుకు మంచిది. ఇంట్లో పడివున్న ప్లాస్టిక్ సీసాలో నూనె పోసి సీటు కింద తలకిందులుగా కట్టాను. గొట్టాన్ని ఇనపకడ్డీ వెంట తీగతో చుట్టుకుంటూ తెచ్చి, కొసను వెనక పళ్ళచక్రం మీదికి వంచాను. చుక్క పంటి మీద పడాలి. పన్ను చైనుకు అందివ్వాలి. అంతే పని.

చుక్క పడింది. రెండు. మూడు. నాలుగు.

ఆగిపోయింది.

చక్రం తిప్పాను. గొట్టం పిసికాను. సీసాను తట్టాను. గోవిందా అన్నాను. కదల్లేదు.

గడపలో బియ్యం ఏరుకుంటున్న జ్ఞానాంబ తలెత్తకుండానే అంది. "నూనె డబ్బాకు ఒగటే బొక్క పొడిస్తే నూనె దిగుతాదా? పైన ఇంగోటి పొడువయ్యా. గాలి పోవద్దా?"

గాజుకు తగిలించుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. సీసా పైభాగాన పొడిచాను. గాలి ఒక చిన్న నిట్టూర్పులా లోపలికి వెళ్ళింది...

చుక్క.

ఎంతసేపటికి ఒక చుక్క పడాలి? నాకు గడియారం లేదు. నాకున్న కొలత ఒకటే. ఊపిరి తీసుకుంటూ, తొందరలేకుండా, గోవింద నామాలు చెప్పుకుంటూ చూశాను. పది గోవిందలకు ఒక చుక్క అయితే పళ్ళచక్రం కారింది. నలభైకి ఒకటయితే చైను కిర్రుమంది. ఇరవైకి ఒకటి — చైను మీద తడి ఉంది, నేల మీద మరక లేదు.

ఇరవై గోవిందలకు ఒక చుక్క!

నూనెచుక్కను ఆయన పేరుతో కొలవడం అపచారమా? ఒక పూట ఆలోచించాను. వడ్లు కొలిచేవాళ్ళూ మొదట ఆయన పేరే చెబుతారు. ఆయనకు కోపమొస్తే నాలుగు చుక్కల దగ్గరే ఆపేసి ఉండేవాడు కదా... ఆపాడు కూడా. మళ్ళీ ఆమె చేత తెరిపించాడు.

మామ ఇంట్లో కొత్తమగ్గానికి పూజ వచ్చింది. జ్ఞానాంబ పెట్టె తెరిచి ఇంకో చీర తీసింది. తెల్లది. కావాలనే తెల్లది తీసింది.

"అంచు మింద ఒక్క సుక్క కనబడితే, ఇంగ ఈ జన్మలో నీ బండి ఎక్కను. సూడు మరి!"

తెల్లవారుతుండగా బయలుదేరాం. చల్లటి గాలి. కిర్రుమనని చైను. నా వెనక బరువు — ఎంత తేలికైన బరువు! కాసేపటికి వీపు దగ్గర సన్నటి గొణుగుడు. ఆమె గోవిందలు లెక్కపెడుతోంది. వడమాలపేట దాటేవరకూ ఇరవైకే పడింది.

పుత్తూరు దాటాం. ఎండ ఎక్కింది.

"ఏమయ్యా, పదారుకే పడింది."

బండి వేగం తగ్గించాను.

"పన్నెండుకే పడింది!"

అప్పుడు అర్థమైంది. చల్లటి పొద్దున కొలిచిన చుక్క అది. ఎండకు నూనె పల్చబడుతుందన్న మాట నా తలకు తట్టలేదు. రోడ్డు మీంచి కళ్ళు తిప్పలేను. వెనక ఏం జరుగుతోందో చూడలేను. తెల్లచీర... నల్లచుక్క... మళ్ళీ ఏడాది.

"నిలుపుతా ఉండు," అన్నాను.

"నిలపొద్దు! పోనియ్యి నువ్వు!"

సీటు ఒక పక్కకు వంగింది. ఒక చేత్తో నా భుజం పట్టుకుంది. రెండో చేత్తో కుచ్చెళ్ళు పైకి ఒడిసిపట్టి, ఆ చేతివేలితోనే గోరంత చక్రాన్ని తిప్పింది. గొణుగుడు మొదలైంది. పది... పదిహేను... పందొమ్మిది...

"గోవిందా!" అని అరిచింది.

ఎదురుగా కొండకు పోతున్న యాత్రికుల బస్సు. ఆ అరుపు ఎందుకో వాళ్ళకేం తెలుసు? కిటికీలన్నీ ఒక్కసారిగా పలికాయి — గోవిందా! గో...విందా!

ఆమె నవ్వింది. దుమ్ము పట్టని నవ్వు. నేరుగా నా చెవిలోకి.

నగరిలో దిగగానే చక్రం బిగించింది, పొయ్యి ఆర్పినట్టు. అంచు ఎత్తి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసుకుంది. ఒక్క చుక్క లేదు. మామ ఎదురొచ్చాడు. "యా బస్సుకొచ్చినార్మా?" అన్నాడు.

"బస్సా? నేనే నడుపుకోనొచ్చినా నాయనా!"

అబద్ధమేమీ కాదు.

ఆ తర్వాతి వారం మెకానిక్ ధనంజయ బండిని వంగి చూశాడు. "బలే కట్టినావప్పా! అయితే నీ నూనె పల్సన. గేరునూనె పొయ్యి. ఎండైనా వానైనా ఒగటే లెక్కకు పడతాది. ఎవురూ తిప్పే పన్లేదు," అని ఒక డబ్బా చేతిలో పెట్టాడు.

ఎవరూ తిప్పే పని లేదు.

ఆ మాట దారంతా నా వెంట వచ్చింది. చైనుకు మంచి మాట. మరి నాకు?

డబ్బాను అటక మీద పెట్టాను. జ్ఞానాంబ చూసింది.

"అదేంది?"

"గేరునూనె."

"దేనికి?"

"ఊరికే... ఎప్పుడన్నా పనికొస్తాదని."

డబ్బాను చూసింది. నన్ను చూసింది. ముక్కాలిపీట ఎక్కి, డబ్బాను ఎవరి చెయ్యీ అందని మూలకు నెట్టేసింది. ధనంజయ మాట ఆమెకెవరైనా చెప్పారా? నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. ఇది దాపరికమా స్వామీ, లేక భక్తేనా? ఆయనా చెప్పలేదు.

మొన్న నగరిలో పడుకుని పొద్దున్నే తిరిగొస్తున్నాం. పొద్దు మా వెనకనుంచి లేస్తోంది. వెచ్చగా లేస్తోంది.

"పద్నాలుగుకే పడింది," అంది. ఆ గొంతులో ఎంత సంబరం!

ఎండ ఎక్కుతోంది... దారి పొడుగునా, చింతచెట్ల మీద, చెరకుతోటల మీద.

నా వీపు మీద మాత్రం ఆమె చల్లటి నీడ. వంగుతూ, లేస్తూ —