మామగారి కారు స్విచ్చి

తోమిన గిన్నెల్ని కోడలు ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి బోర్లిస్తోంది. చేతులు గిన్నెల మీద ఉన్నా చెవులు మాత్రం పెరట్లో కారు షెడ్డు మీదే ఉన్నాయి.

"ఈ స్విచ్చీ పట్టకపోతే ఇంక నావల్ల కాదు నాన్నా. పాత సామాన్ల కొట్లన్నీ జల్లెడ పట్టాను," అంటున్నాడు ఆమె భర్త.

"నువ్వు తెచ్చేవన్నీ డొల్ల సరుకు. అందుకే వెలుగు రావట్లేదురా," అన్నారు మామగారు.

ఆ కారు ఆమె భర్తకన్నా వయసులో పెద్దది. లైట్ల స్విచ్చి నొక్కేది కాదు, లాగేది. ఒక మెట్టుకి చిన్న లైట్లు, రెండో మెట్టుకి పెద్దవి. లైట్లు మసకబారాయని అసలు స్విచ్చిని మామగారే పీకేశారు. తర్వాత తెచ్చినవాటిలో ఒకదాని కాడ పొడుగైంది, ఒకటి రంధ్రంలో వదులైంది. పట్టిన ఒక్కటీ "మసక" అని పక్కన పడేశారు. ఇవాళ్టిది అలాంటి కారులోంచే ఊడదీసి తెచ్చింది.

రేపు తెల్లవారకముందే మనవరాలిని కొండదారిలో పరీక్షకి దింపాలి. తానే నడుపుతానన్నారు మామగారు. ఆయన మాటంటే రాతిమీద గీత. కోడలి గుండెల్లో రాయి పడింది అక్కడే. వారం కింద ఆయన గ్లాసు పక్కన నీళ్లు పోయడం ఆమె చూసింది. భర్తకి చెబితే, "ఆయన చూపు గురించి నోరెత్తకు. ఇల్లు పీకి పందిరేస్తాడు," అన్నాడు.

"ఆ కారుకున్న మర్యాద ఈ ఇంట్లో నాకుంటేనా!" అంటూ అత్తగారు వంటింటి గుమ్మంలోకి వచ్చారు. "నా కళ్లజోడు విరిగితే ఇన్ని కొట్లు ఎవరూ తిరగలేదు."

షెడ్డులో టక్కుమని ఒక చప్పుడు, వెంటనే ఇంకొకటి.

కోడలు చేతిలో గిన్నెతోనే షెడ్డులోకి నడిచింది. సున్నం వేసిన గోడకెదురుగా కారు నిలబెట్టి ఉంది, మామగారు అందులో స్టీరింగు ముందు కూర్చున్నారు. పొద్దుగూకాక ఆ గోడమీదే లైట్లు చూసుకోవడం ఆయన అలవాటు. ఆమె గోడ ముందు నిలబడింది. వెలుగు కళ్లలో గుచ్చుకుంది. నీడ వెనకాల పైకప్పుదాకా లేచింది.

భర్త ఆమెవైపు తిరిగి తప్పుకొమ్మని చేత్తో సైగ చేశాడు. ఆమె కదల్లేదు.

"భేషుగ్గా వెలుగుతున్నాయి నాన్నా," అన్నాడు.

"ఎక్కడ వెలుగుతున్నాయిరా? అంతా పొగలా ఉంది." మామగారు స్టీరింగు మీదికి వంగారు. "అమ్మాయ్! ఆ గిన్నెలు వదిలేసి ఇలా రా. గోడ దగ్గర నిలబడు. మనిషి కంటికి ఆనితే చాలు, స్విచ్చి మంచిదే."

ఆమె గిన్నెని గట్టిగా పట్టుకుంది.

"ఇక్కడే ఉన్నాను మావయ్యా. మీ ఎదురుగానే."

భర్త తల దించుకున్నాడు. కోడలి వెనకే వచ్చిన అత్తగారు షెడ్డు గుమ్మం పట్టుకున్నారు.

మామగారు స్విచ్చిని లోపలికి నెట్టారు. ఒక మెట్టు. రెండో మెట్టు. షెడ్డు చీకటైంది. కారు తలుపు తెరుచుకుంది. బానెట్ మీద చెయ్యి ఆనించుకుంటూ ఆయన ఆమెదాకా వచ్చారు. చేతికి గిన్నె అంచు తగిలింది. దాన్ని ఒకసారి తడిమి, కారు తాళంచెవి అందులో వేశారు. అది ఖంగుమంది. ఆయన షెడ్డు బయటికి నడిచారు.

"చీకటి పడిందండీ, ఎక్కడికి?" అన్నారు అత్తగారు.

ఆయన చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని, ప్రహరీగోడ తడుముకుంటూ గేటు దాటి వెళ్లిపోయారు.