వెనకద్దం మీద ఆవిరి

అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు. అక్కది ఇంట్లోనే కుట్టుపని. ఆస్పత్రులకి తెరలూ దుప్పట్లూ కుట్టి ఇచ్చేది. చెల్లెలు ఒక ఆస్పత్రి డయాలసిస్ వార్డులో టెక్నీషియన్. పొద్దున్నే డ్యూటీ. ఇంట్లో కారు ఒక్కటే, నడిపేది అక్క ఒక్కతే. ఏళ్ల తరబడి చెల్లెల్ని వార్డు దాకా దింపిందేమో, అక్కడివాళ్లు ఆమెని డ్రైవరక్క అనేవారు. ఆ పిలుపుకి అక్క లోలోపల మురిసిపోయేది.

నలభైకి దగ్గరపడ్డాక చెల్లెలు డ్రైవింగు నేర్చుకుంది. "మంచి పని చేశావు చిట్టీ, నాకూ కాస్త పొద్దున నిద్ర దక్కుతుంది" అంది అక్క. లైసెన్సు చేతికొచ్చిన రోజు తనే పాయసం గిన్నె పట్టుకొచ్చి చెల్లెలి నోట్లో చెంచాడు పెట్టింది.

మొదట్లో అంతా సజావుగానే సాగింది. తర్వాత వానలు పట్టుకున్నాయి. కారెక్కి తలుపేసుకుంటే చాలు, అద్దాలన్నీ మసకబారిపోయేవి. ముందద్దంతో పేచీ లేదు. ఏసీ వేసి, బయటి గాలి లోపలికొచ్చేలా మీట జరిపితే ఇట్టే తేటపడేది. మొండికేసింది వెనకద్దమే. దాన్ని వేడి చేసే బటన్ నొక్కితే పసుపు దీపం వెలిగేది గానీ, ఆవిరి మాత్రం కదిలేది కాదు. చెల్లెలు తడి గొడుగు కారులో పెట్టడం మానేసింది. కాళ్ల కింది పట్టాలు తీసి ఆరబెట్టింది. వెనక్కి వెళ్లి పొడిగుడ్డతో అద్దం తుడిచేది. స్టీరింగు దగ్గరికొచ్చి కూర్చునేసరికి మళ్లీ మొదటికే.

"అది ఎప్పుడో పోయింది" అంది అక్క, కుట్టుమిషన్ మీంచి తలెత్తకుండా. "నాకు అలవాటైపోయింది కాబట్టి నెట్టుకొచ్చాను. నువ్వు జాగ్రత్తగా తియ్యి."

"మెకానిక్‌కి చూపిద్దామా?"

"పాత బండి. ఒకటి విప్పితే ఇంకోటి ఊడుతుంది. వదిలెయ్."

ఒకరోజు పొద్దున గేటులోంచి కారు వెనక్కి తీస్తుంటే టక్కుమని చప్పుడైంది. దిగి చూస్తే పక్కింటి డ్రాయింగు మాస్టారు సైకిలుతో సహా కింద పడున్నారు. కుడి మణికట్టు విరిగింది. "నాదే తప్పమ్మా, నేనే చూసుకోలేదు" అన్నారాయన, నొప్పితో పళ్లు బిగబట్టి.

సాయంత్రం అక్కే చెల్లెల్ని వెంటబెట్టుకుని వాళ్లింటికి తీసుకెళ్లింది. "దీనికింకా చేయి తిరగలేదు మాస్టారూ. ఇకమీదట బండి ముట్టుకోనివ్వను లెండి" అంది. చెల్లెలు తలెత్తలేకపోయింది. కన్నీళ్లు ఒళ్లో పడుతుంటే అక్క పక్కనే కూర్చుని వీపు నిమురుతూనే ఉంది. ఆ చేయి లేకపోతే తనేమైపోయేదో అనుకుంది.

ఆ తర్వాత వార్డులో సూది గుచ్చాలంటే భయపడి, పక్క టెక్నీషియన్ని బతిమాలుకునేది. పొద్దున్నే అక్క మళ్లీ దింపడం మొదలుపెట్టింది. దారిపొడవునా ఏదో ఒకటి హుషారుగా చెబుతూనే ఉండేది.

మరోసారి గట్టిగా వాన పట్టింది. ఆరోజు ముందు సీటు నిండా ఆస్పత్రి తెరల మూటలు. చెల్లెలు వెనక కూర్చుంది. సిగ్నలు దగ్గర ఎవడో హారను కొడితే తిరిగి చూసింది. వెనకద్దం మీద ఆవిరి గీత వెంబడి గీతగా, దువ్వెన పెట్టి దువ్వినట్టు విడిపోతోంది. చూస్తుండగానే చారలన్నీ కలిసిపోయి, వెనక కారూ అందులో ఆవలిస్తున్న మనిషీ స్పష్టంగా కనిపించారు. ఆమె ముందుకి చూసింది. పసుపు దీపం వెలుగుతోంది. అక్క వేలు అలవాటుగా ఆ బటన్ నొక్కేసింది.

"అక్కా, వెనకద్దం పనిచేస్తోంది."

"ఒక్కోసారి చేస్తుందిలే."

"నేను నడిపినన్నాళ్లూ ఒక్కసారీ చేయలేదు. బాగుచేయించావా?"

"లేదు."

"బండి పక్కకి ఆపు."

అక్క ఆపింది. వైపర్లు మాత్రం అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. "దాని ఫ్యూజు తీసి దాచాను. నువ్వు నడపడం మానేశాక మళ్లీ పెట్టాను" అంది, స్టీరింగు వైపే చూస్తూ. "నాలుగు రోజులు అవస్థపడి, మళ్లీ నన్నే దింపమంటావనుకున్నా. మాస్టారు అడ్డం వస్తారని నేను కలగన్నానా?"

"ఆయన చేయి విరిగాక కూడా చెప్పలేదే."

"ఎలా చెప్పను? పొద్దున్నే నువ్వు నీ దారిన వెళ్లిపోతుంటే, ఈ ఇంట్లో నాతో ఎవరికీ పనే లేదనిపించింది చిట్టీ."

అక్క ఏడుస్తోంది. చెల్లెలికి మాత్రం ఏడుపు రాలేదు. ఫ్యూజు తీసినందుకు కాదు, ఆరోజు మాస్టారింట్లో అన్నీ తెలిసీ తన వీపు నిమిరినందుకు ఒళ్లంతా కంపరమెత్తింది.

"మాస్టారికి నువ్వే చెప్పు. ఇవాళే చెప్పాలి" అని, దిగి వానలోనే నడిచిపోయింది.

సాయంత్రం బస్సు దిగి నేరుగా మాస్టారింటికే వెళ్లింది. ఆయన కట్టుచేయి ఒళ్లో పెట్టుకుని ఎడంచేత్తో ఏవో గీతలు గీస్తున్నారు. "రామ్మా. మీ అక్క వచ్చి చెప్పి వెళ్లింది. ఫ్యూజు కాలిపోయిందటగా, పాపం ఇద్దరికీ తెలియలేదట. ఇంక నువ్వు బాధపడకు."

ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. ఔనంటే సరిపోయేది. అక్క పరువు నిలబడేది, తన మీదున్న మచ్చా పోయేది. కానీ ఒక్కరోజులో రెండో మోసం బయటపడ్డాక నోరు ఊరుకోలేదు.

"కాలిపోలేదండీ. నేను బండి నడపకూడదని అక్కే తీసేసింది."

మాస్టారు పెన్సిలు కింద పెట్టారు. కట్టు వైపు ఒకసారి చూసుకున్నారు. కోప్పడతారనుకుంది. ఆయన నెమ్మదిగా, "వేరే ఎక్కడైనా ఉండటానికి నీకు చోటుందా అమ్మా?" అని అడిగారు.

అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదామెకి. నెల తిరక్కుండా ఆస్పత్రి వెనక వీధిలో గది తీసుకుంది. నడిచి వెళ్లేంత దూరం. కొన్నాళ్లకి వార్డులో సూది మళ్లీ తనే గుచ్చసాగింది.

అక్క రోజూ పొద్దున్నే ఫోను చేస్తుంది. "లేచావా?"

"లేచాను."

అంతే. ఎవరో ఒకరు పెట్టేస్తారు.