సోంపు వాసన వేసిన గుండు

అక్టోబరు వచ్చిందంటే వెరీనా వంటింటి వెనక షెడ్డులో పొయ్యి వెలిగించేది. బల్ల నాన్నది, అచ్చులు నాన్నవి, సీసం కరిగించే మూకుడూ ఆయనదే. అచ్చులోంచి రాలిన తుపాకీ గుండు కాస్త లావుగా ఉంటుంది. దాన్ని డైలో, అంటే సన్నటి బెజ్జమున్న ఉక్కు దిమ్మలో పెట్టి పిడి నొక్కితే తుపాకీ గొట్టానికి సరిగ్గా సరిపోయేలా నున్నగా దిగుతుంది. ఆ నొక్కుడుకే తేనెమైనం, ఆవుకొవ్వు కలిపిన ముద్ద దాని గాడుల్లోకి ఎక్కుతుంది.

"మైనం దగ్గర పిసినారితనం చెయ్యకే అమ్మాయ్! సీసం గొట్టానికి అంటుకుందంటే ఇక గుండు ఎటు పోతుందో దేవుడికే ఎరుక" అనేవాడు నాన్న. మోంటానాలో ఆ లోయ మొత్తం ఆయన గుండ్లే వాడేది.

ఆ ఇంట్లో మైనం పట్టిన గుండు తాను ఎక్కడ దిగబోతోందో ఆ వాసన వేసేది. చాలావాటికి గురిచూసే అట్ట వాసన. కొన్నిటికి తడిసిన దుప్పి బొచ్చు వాసన. కొనడానికొచ్చినవాళ్ళు ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని, పుచ్చకాయలు ఏరినట్టు ఏరుకునేవాళ్ళు. చిన్నప్పుడు వెరీనా నాన్న ఒళ్ళో కూర్చుని కళ్ళు మూసుకుని వాసన చూసి చెప్పేది.

"వాగు బురద!"

"పాపం, ఎవడిదో గురి తప్పుతుంది" అని నాన్న పొట్ట కదిలేలా నవ్వేవాడు. ఆయన పోయి ఇన్నేళ్ళయినా, మైనం కరిగినప్పుడల్లా ఆ నవ్వు షెడ్డులోనే ఉన్నట్టు ఉండేది ఆమెకి.

ఆ ఏడు తమ్ముడు ఆల్డన్ వేట కోసం గుండ్లు చేస్తూ ఒకదాన్ని వాసన చూసింది. సోంపు బిళ్ళలు, గుర్రపు చెమట, వానకి తడిసిన ఉన్ని కోటు. చెయ్యి ఆగిపోయింది. అది ఎమిట్. ఏటా ఆల్డన్‌తో వేటకి కొండెక్కే ఎమిట్.

ఆల్డన్‌కి చూపు మందగించింది. కళ్ళజోడు మాటెత్తితే మండిపడతాడు.

గుండుని మూకుట్లో పడేసి కరిగించి, మళ్ళీ పోసి, మళ్ళీ డైలో నొక్కింది. అదే సోంపు. దాన్ని పక్కన పెట్టి ఇంకొకటి నొక్కింది. దానికీ అదే. ఇక లాభం లేదని పొయ్యి ఆర్పి, చేతులు తుడుచుకుంటూ ఎమిట్ పశువులపాకకి నడిచింది.

"శనివారం కొండకి వెళ్ళకు, ఎమిట్."

గుర్రానికి నాడా కొడుతున్నవాడు తలెత్తాడు. "నా వాసన వచ్చిందా?"

"వచ్చింది."

"ఆల్డన్ గుండుకి?"

ఆమె తలూపింది.

"వాడికి చెప్పకు. కుమిలిపోతాడు." సుత్తిని చేతిలో తిప్పాడు. "అయినా, నేనేనని ఎలా తెలిసింది? నా వాసనెలా ఉంటుందేమిటి?"

చెప్పింది. కోటు దగ్గరికొచ్చేసరికి అతను నవ్వాడు.

"ఆ కోటు నీతో డాన్సు చేసిననాటిది కదూ! ఇంకో పాటకి ఉండమంటే, బూట్లు కరుస్తున్నాయని వెళ్ళిపోయావు."

"బూట్లు కరవలేదు" అంది వెరీనా. "భయమేసింది."

గుర్రం కాలు లాక్కుంది. ఎమిట్ దాన్ని మళ్ళీ పట్టుకోవడం మర్చిపోయాడు.

ఆమె ఇంటికొచ్చి ఆ రెండు గుండ్లనీ మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకుంది. దేవదారు జిగురు. అప్పుడు గానీ ఊపిరి తిరగలేదు.

శనివారం ఎమిట్ నడుం పట్టేసిందన్నాడు. "ముసలాడివైపోయావురోయ్!" అని వెక్కిరించి ఆల్డన్ ఒక్కడే వెళ్ళాడు. పొద్దు వాలుతుండగా తిరిగొచ్చి, గుమ్మంలోనే తుపాకీ దించేశాడు.

"పొదలో ఏదో కదిలిందక్కా, కాల్చేశాను. వెళ్ళి చూస్తే దేవదారు చెట్టు. ఎమిట్ ఎప్పుడూ ఆనుకుని కూర్చునే చెట్టు. సరిగ్గా గుండెల ఎత్తున..." కుర్చీలో కూలబడ్డాడు. "సోమవారం టౌనుకెళ్ళి కళ్ళజోడు తెచ్చుకుంటాను."

వెరీనా వాడి తల నిమిరింది.

వంటింట్లోంచి నీళ్ళ చప్పుడు ఆగింది. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచిన ఎమిట్, తడి పళ్ళెం పట్టుకుని తొంగిచూశాడు.

"వెరీనా, ఇది ఎక్కడ పెట్టాలి?"

"కింది అరలో" అంది ఆమె. "గుర్తుపెట్టుకో. రోజూ అక్కడే."