మిఠాయి కాగితం మీద అల్లుడు

తామ్రపర్ణి పొంగి రైళ్ళు నిలిచిపోయిన ఏడాది అది. మా రాజమ్మాళక్క మనవరాలు సింధుజకు తై నెలలో, సంక్రాంతి దాటాక, పెళ్ళి. అక్క విరుదునగర్ ఆస్పత్రిలో ఉంది. పెళ్ళి దాకా ప్రాణం నిలవదని డాక్టర్ నాతో చెప్పాడు.

మా ఇళ్ళల్లో కొత్త అల్లుణ్ణి ఎగతాళి చేయడం మేనమామ వరుసవాళ్ళ వంతు. నేను నాలుగు మాటలు కలిపి మాట్లాడేవాణ్ణి కాను. అందుకని ప్రతి పెళ్ళికీ ఎగతాళిని పల్లీ మిఠాయి కాగితం మీద అచ్చు వేయించి, తాంబూలం సంచుల్లో పెట్టించేవాణ్ణి. చూస్తే అంగట్లో దొరికే మూడు నెమళ్ళ కంపెనీ మిఠాయి కాగితం లాగే ఉంటుంది. నెమళ్ళ చోట మాత్రం కోళ్ళు.

"సింధుజది చూసే పోతాన్రా. బిన్నా వేయించు, ఆలస్యం చెయ్యొద్దు," అంది అక్క.

కోవిల్‌పట్టిలో అచ్చాఫీసు సెందిల్‌కుమార్ నేను రాసుకుపోయింది చదివి నవ్వాడు. కాగితం తిరిగి ఇచ్చేశాడు.

"తాతా, తిరుత్తంగల్‌లో ఒక ప్రెస్సుకు ఇట్లాంటిదానికే కంపెనీ నోటీసు వచ్చింది. వకీలు సరే అంటే వేస్తా."

వకీలు హరికృష్ణన్ మావాడే. అతనూ నవ్వాడు. "బాగుండాది మామా," అని ఎర్ర పేనా తీశాడు.

"కోళ్ళు వద్దు. చూస్తే నెమళ్ళే గుర్తొస్తాయి."

"గుర్తు రావాలనే కదప్పా."

"కేసూ దానికే మామా."

'పన్ను విరిగితే అల్లుణ్ణే అడగండి' కొట్టేశాడు. సరుకును దూషించినట్టట. 'చేరినవి: మీసం ముప్పాతిక, మనిషి పాతిక' కొట్టేశాడు. తినే వస్తువు మీద తప్పు వివరమట. 'పనికి దూరంగా, చల్లని చోట ఉంచవలెను' అదీ పోయింది.

"ఇంకేముండాది?"

"పెళ్ళికొడుకు పేరుండాది కదా."

సెందిల్‌కుమార్ అదే అచ్చు వేశాడు. తెల్ల కాగితం, నడుమ పాండియరాజన్ అని పేరు.

సాయంత్రం బస్సులో విరుదునగర్ పోయి అక్క చేతికిచ్చాను. తిప్పి వెనక కూడా చూసింది.

"ఎగతాళి యాడరా?"

వకీలు మాట చెప్పాను. అక్క కాగితం మడిచి తలగడ కింద పెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది.

మరునాడు పొద్దున అక్కకు కాఫీ పట్టించి, మంచం పక్కన నిలబడి, కోళ్ళ దగ్గర మొదలుపెట్టి అంతా నోటితోనే చెప్పాను. బడిలో పాఠం ఒప్పజెప్పినట్టు వచ్చింది. మీసం దగ్గర దుప్పటి కింద అక్క పొట్ట కదిలింది. ఊపిరి అందాక పక్క మంచంలోని పేచ్చియమ్మాళ్ వైపు చెయ్యి చూపింది.

"ఆయమ్మకు తెలుగు రాదురా. అరవంలో చెప్పు."

మొదటి నుంచీ అరవంలో చెప్పాను.