స్వభావం అనే గడి

మా స్కూల్లో నా అంత తెలివైనవాడు ఇంతవరకు పుట్టలేదు. మొన్న లెక్కల్లో నాకు వందకి పదకొండు వచ్చాయి. మిగతా ఎనభై తొమ్మిదీ దారిలో ఎక్కడో పడిపోయి ఉంటాయి.

చేతిరాత మాత్రం ముత్యాలే. అందుకే మా క్లాసు టీచరు పిల్లల వివరాల పత్రాలు నాచేత రాయించారు. అందులో ‘స్వభావం’ అని ఒక గడి. ఆవిడ పంటినొప్పితో బుగ్గ పట్టుకుని ఒక్కొక్కరికి ఒక్క మాట చెప్పారు. నాకు ‘దుడుకు’ అన్నారు. ‘చురుకు’ అని రాసుకున్నాను. చివరి అక్షరం కలిసింది కదా!

మా పిన్ని కూతురు నత్తకి ‘నిదానం’ అన్నారు. నత్త అని పేరు పెట్టింది నేనే. ఒక్క లెక్క మీద మూడు గంటలు కూర్చుంటుంది. ఈలోగా బయట రెండు ప్రభుత్వాలు మారతాయి. జవాబు మాత్రం తప్పు రాదు. దానికి ‘మందం’ అని రాశాను. టీచరు చూడకుండానే సంతకం పెట్టేశారు.

హెడ్మాస్టరు ఆ గడి చూసే సెక్షన్లు విడదీశారు. “మార్కులదేముంది, బట్టీ కొట్టినా వస్తాయి. స్వభావం పుట్టుకతో రావాలి” అన్నారట. పదకొండు మార్కుల నేను ‘ఏ’ సెక్షన్. తొంభై రెండు మార్కుల నత్త ‘డి’ సెక్షన్.

రెండు నెలలకి పిన్ని ఒక తెల్లకాగితం పట్టుకుని, నత్తని వెంటబెట్టుకుని స్టాఫ్ రూముకి వచ్చింది. అది నత్త లెక్కల పరీక్ష పేపరు. పైన పేరు తప్ప ఇంకేమీ లేదు. అన్నని కదా, నన్నూ పిలిచారు.

“ఏరా, దీన్ని ఏమన్నా అన్నావా?” అంది పిన్ని.

“నేనా? ఒట్టు పిన్నీ! మాట దీని చెవిలోకి వెళ్ళేసరికి సాయంత్రం అవుతుందని అసలు మాట్లాడనే మాట్లాడను.”

ఎవరూ నవ్వలేదు.

“వాడేం అనలేదమ్మా,” అంది నత్త. “టీచరే రాశారు, మందం అని. హెడ్మాస్టరు గారు చదివి వినిపించారు. మందానికి లెక్కలెందుకు?”

“నేనా? నిదానం అన్నానే తల్లీ! నిదానమే ప్రధానం అంటారు చూడు, ఆ నిదానం!” టీచరు బీరువాలోంచి పత్రం తీసి చూశారు. తర్వాత నన్ను చూశారు.

“నేనే రాశాను టీచర్. నవ్వులాటకి.”

ఆవిడ ఆ మాట కొట్టేసి పక్కన వేరే మాట రాయబోయారు.

“వద్దులెండి టీచర్. జాలిపడి మారుస్తున్నారు,” అంది నత్త, తల ఎత్తకుండా.

పిన్ని ఒక్కటి పీకినా బాగుండేది. “నవ్వులాటకేనా?” అని మాత్రం అడిగింది.

“కాదు పిన్నీ. అది మూడు గంటలు కూర్చోగలదు. నేను మూడు నిమిషాలు కూర్చోలేను. చూసి ఓర్వలేక రాశాను.”