గొడుగుల కంపెనీలో ఎండాకాలపు లెక్క

గొడుగుల కంపెనీలో ఏడాది లెక్క తేల్చేది వానాకాలం అయిపోయాకే. ఆఖరి మూట బండెక్కి, షాపులవాళ్ల దగ్గర్నించి రావాల్సిందంతా వచ్చాక, అప్పుడు తీరిగ్గా కూర్చుంటారు. బాబాయి వాళ్ల నాన్న పెట్టిన పద్ధతి అది. మంచి పద్ధతే, కాదనను. కానీ సుష్టుగా భోంచేసి కాటా ఎక్కి, "ఆహా, ఎంత పుష్టిగా ఉన్నాను" అని మురిసిపోవడం లాంటిది. ఆ ముక్క బాబాయికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే రకం కాదనుకోండి.

బాబాయి అంటే కంపెనీలో అందరికీ బాబాయే. గుడ్డ కోసేవాళ్లకీ, ఊచలు బిగించేవాళ్లకీ, ఆఖరికి మూటలు మోసే ముసలాయనకీ. అసలు అలా పిలిచే హక్కున్నది మాత్రం ఒక్కతే, ఆయన అన్నగారి కూతురు. పెద్ద పెద్ద కంపెనీల లెక్కలు తనిఖీ చేసే ఆఫీసులో ఉద్యోగం చేసి, అది విసుగొచ్చి, ఆ ఏడే బాబాయి దగ్గర లెక్కలు చూడ్డానికి వచ్చింది. అంతకుముందున్న గుమాస్తా ప్రతి ఏడూ "బ్రహ్మాండం సార్" అనేవాడు. ఆ ఒక్క మాటతో బాబాయికి ఏడాదంతా గడిచిపోయేది.

ఈ పిల్ల బ్రహ్మాండం అనలేదు. "మన క్యాష్ రేషియో ఒకటి పాయింట్ మూడు బాబాయ్" అంది.

"అంటే పాసా, ఫెయిలా?"

"చేతిలో ఉన్న డబ్బూ, బ్యాంకులోంచి ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే డబ్బూ కలిపి, ఏడాదిలోపు కట్టాల్సిన బాకీలతో భాగించాలి. వంద బాకీ ఉంటే మన దగ్గర నూట ముప్పై ఉందన్నమాట. ఇవ్వాల్సినవాళ్లంతా ఇవాళే వచ్చి గుమ్మంలో నిలబడ్డా అందరికీ కట్టేయొచ్చు. అయితే ఒక సంగతి..."

ఒక సంగతి వినడానికి బాబాయి అక్కడుంటేగా! అప్పటికే చెప్పులు తొడుక్కుని వీధిలో పడ్డాడు.

ఎక్కడికంటే, బస్టాప్ పక్కనున్న మూలషాపుకి. రెండువైపులా అద్దాలున్న షాపు. గడియారాలు బాగుచేసే పెద్దాయన దాన్ని అమ్మేస్తున్నాడు, కాకపోతే డబ్బంతా ఒకేసారి ఇవ్వాలంటాడు. బాబాయి పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ గొడుగులే చేశాడు. చేసిన ప్రతి గొడుగు మీదా కొన్న షాపువాడి పేరే ఉంటుంది. వానలో వీధి నిండా తన గొడుగులే నడుస్తుంటే, అవి తనవని చెప్పుకునే రాత లేదు. తన పేరున్న ఒక్క గొడుగు ఒక అద్దం వెనకాల విప్పి పెట్టుకోవాలి. ఆయన కోరికల్లా అదొక్కటే. "ఈయన చూపులకే ఆ షాపు అద్దం సగం అరిగిపోయింది" అని పిన్ని ఎగతాళి చేసేది.

మర్నాడు పొద్దున్నే కంపెనీకొచ్చేసరికి, గుడ్డ కోసే బల్ల మీద నల్లగుడ్డ పరిచి, దాని మీద కోత సుద్దతో గీతలు గీస్తోంది ఆ పిల్ల.

"ఓసి నీ అసాధ్యం కూలా! గొడుగు గుడ్డ అది, పలక కాదు."

"దులిపితే పోతుందిలే. ఇటు రా బాబాయ్. ఇదిగో, ఇప్పుడు నూట ముప్పై. పాత లెక్కలన్నీ తిరగేసి నెలనెలకీ వేశాను. చలికాలంలో గుడ్డ కొంటాం, తొంభైకి దిగింది. తర్వాత ఊచలు, పిడులు, జీతాలు. ఒకపక్క డబ్బు తగ్గుతుంది, ఇంకోపక్క బాకీలు పెరుగుతాయి. ఎండలు ముదిరేసరికి, ఇదిగో, నలభై. వంద బాకీకి నలభై! ఏటా ఇంతే. నువ్వు ఆ నెలల్లో ఎప్పుడూ లెక్క చూడలేదు, అంతే."

"చూడకపోయినా నడిచింది కదే!"

"నడిచింది. ఇప్పుడు షాపు కొంటే ఆ నలభై కాస్తా రెండవుతుంది."

బాబాయికి తిక్క రేగింది. "గోడౌన్ నిండా గొడుగులుంటాయే ఆ నెలల్లో! అవి డబ్బు కాదా? గడ్డిపోచలా?"

"ఊచల షావుకారు బాకీ అడగడానికొస్తే గొడుగులిస్తావా? తీసుకుంటాడా?"

షావుకారు గొడుగులు చంకన పెట్టుకుని వెళ్తున్నట్టు ఊహించుకుంటే బాబాయికి నవ్వొచ్చింది. అదే మరీ ఒళ్లు మండించింది. "నాలుగు పుస్తకాలు చదివి నాకు గొడుగుల వ్యాపారం నేర్పుతావా?" అని ఒంటికాలి మీద లేచాడు. ఆ పిల్ల సుద్దముక్క బల్ల మీద పెట్టి, "కంపెనీ నీది బాబాయ్. నువ్వు కొంటానంటే కాగితాలు నేనే రాస్తాను. నాకు భయంగా ఉందని మాత్రం చెప్పాలి కదా" అంది.

అరిస్తే తిరిగి అరిచే మనిషైతే బాబాయికి ఎంత హాయిగా ఉండేదో! ఇలా నెమ్మదిగా చెప్పేవాళ్లతో ఏం చేస్తాం? వారం రోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు. షాపు మాత్రం కొనలేదు.

కొన్నదెవరనుకున్నారు? పొట్టోడు. బాబాయితో కలిసి చదువుకున్నవాడే, వెనకవీధిలో వాడిదీ గొడుగుల కంపెనీయే. చిన్నప్పట్నించీ ఇద్దరూ ప్రాణస్నేహితులు, అంతకు మించి పోటీదారులు. పొట్టోడు ఉన్నదంతా ఊడ్చి మూలషాపు కొని, గుమ్మం మీద పెద్ద బోర్డు పెట్టాడు. బాబాయి ఆరోజు అన్నం ముట్టలేదు. ఆ వీధిలోంచి వెళ్లడమే మానేసి, చుట్టు తిరిగి ఇంటికి రావడం మొదలుపెట్టాడు.

ఎండలొచ్చాయి. ఊచలొచ్చాయి, బిల్లులూ వచ్చాయి. వానలు రావాల్సిన రోజులొచ్చాయి, వానలు మాత్రం రాలేదు. ఆకాశం తళతళలాడుతూ కూర్చుంది. షాపులవాళ్లు "చూద్దాంలెండి, మబ్బు పట్టనీండి" అంటున్నారు. గోడౌన్‌లో గొడుగులు కప్పుదాకా పేరుకుపోయాయి. ఊచల షావుకారు వచ్చి కూర్చుని, మంచినీళ్లు తాగి, మెల్లిగా గొంతు సవరించుకున్నాడు. ఆ పిల్ల చెక్కు రాసిచ్చింది. శనివారం జీతాలు శనివారమే ఇచ్చింది. ఆ పై శనివారమూ ఇచ్చింది. బాబాయి ఇదంతా చూస్తూనే ఉన్నాడు. రాత్రి పిన్నితో, "దానికి రేపట్నించి బల్ల దగ్గర ఫ్యాను పెట్టించాలి, పాపం ఉక్కపోస్తోంది" అన్నాడు. బాబాయి క్షమాపణ అడిగితే ఇలాగే ఉంటుంది.

ఓ మధ్యాహ్నం పొట్టోడు వచ్చాడు. ఎప్పుడూ గట్టిగా కేకలేస్తూ వచ్చేవాడు చడీచప్పుడు లేకుండా వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఒరేయ్, షావుకారు నాకు ఊచలివ్వనంటున్నాడు. పాతది కడితేనే అంటున్నాడు. పనివాళ్లకి రెండు వారాల జీతం బాకీ. గుడ్డ ఉంది, మనుషులున్నారు, ఆ దిక్కుమాలిన షాపూ ఉంది. చేతిలో చిల్లిగవ్వ లేదు."

బాబాయికి నవ్వు రావాలి, ఏడుపు వచ్చింది. ఆ స్టూలు మీద కూర్చోవాల్సింది తను. ఆ పిల్ల భయంగా ఉందనకపోతే కూర్చునేవాడు కూడా. ఎంత కావాలంటే అంత తీసుకోరా అనడానికి నోరు తెరిచాడు. తెరిచి, ఆగాడు. అన్నగారి కూతురి వైపు తిరిగాడు.

"అమ్మలూ, ఎంతవరకు ఇవ్వొచ్చు?"

జన్మలో మొదటిసారి ఆయన ఇచ్చేముందు అడగడం. ఆ పిల్ల నల్లగుడ్డ మీద చకచకా లెక్కేసింది. డబ్బు ఇవ్వలేమని చెప్పింది. ఊచలు మాత్రం మనకి కావాల్సినవాటికన్నా కాస్త ఎక్కువున్నాయి, వాటిని అప్పుగా ఇవ్వొచ్చంది. పొట్టోడు ఆ ఊచలు సైకిల్ రిక్షాలో వేసుకుని, వెనక్కి తిరక్కుండా వెళ్లిపోయాడు. తడి కళ్లు కనపడకుండా అనుకుంటా.

తర్వాత వాన వచ్చింది. అబ్బ, ఏం వానండీ అది! ఆలస్యానికంతా కలిపి వడ్డీతో సహా కురిసింది. గోడౌన్ ఖాళీ అయిపోయింది. పొట్టోడూ తన గొడుగులు అమ్ముకుని జీతాలిచ్చాడు, ఊచలు తిరిగిచ్చాడు. షావుకారి పాత బాకీ మాత్రం సగం అలాగే ఉండిపోయింది. ఆఖరి మూట బండెక్కిన రోజు, వాడు మళ్లీ వచ్చి అదే స్టూలు మీద కూర్చున్నాడు.

"షాపు నువ్వు తీసుకోరా. కొన్న ధరకే ఇస్తాను."

బాబాయి కుర్చీలోంచి సగం లేచాడు. అన్నగారి కూతురు వెంటనే, "ఈ ఏడు మన రేషియో ఒకటి పాయింట్ ఏడు బాబాయ్" అంది.

"అది నాకెందుకే?" అన్నాడు బాబాయి. "ఎండలు ముదిరే నెలది చెప్పు."

ఆ పిల్ల సుద్దముక్క ఆయన చేతికే ఇచ్చింది. తను చెబుతుంటే నల్లగుడ్డ మీద ఆయనే గీశాడు, వంకరటింకరగా. గుడ్డకెంత, ఊచలకెంత, జీతాలకెంత, వాన ఆలస్యమైతే ఎంత. షాపు మొత్తం కొంటే వంద బాకీకి ఇరవై మిగిలింది. సగమే కొంటే, నలభై.

బాబాయి పొట్టోడి వైపు తిరిగాడు. "సగం చాల్రా. షాపుకి అద్దాలు రెండున్నాయి కదా. ఒకటి నీది, ఒకటి నాది."

పొట్టోడు లేచి బాబాయిని కావలించుకోబోయాడు, తల ఛాతీ దగ్గరే ఆగిపోయింది. అన్నం క్యారేజీ తెచ్చిన పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

షాపు తెరిచిన రోజు బాబాయి అద్దం వెనకాల ఒకే ఒక్క గొడుగు విప్పి ఉంది. పిడి మీద బాబాయి పేరు. లోపలి గుడ్డ మీద తెల్లటి వంకరటింకర గీతలు, అంకెలు. వీధిలోంచి అద్దంలోకి తొంగిచూసిన పొట్టోడు గట్టిగా కేకేశాడు.

"ఒరేయ్, అదేం డిజైన్‌రా? సుద్ద మరకలు కూడా దులపలేదు!"

"దాన్ని ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తా" అన్నాడు బాబాయి. "అది అమ్మకానికి కాదు."