బీమా ఉన్న గాజు తలుపు

“ఆ తలుపు ఉందో లేదో తెలియట్లేదురా. ఎవరైనా గుద్దుకుంటే ఏం గాను?”

నన్ను బిగించిన రోజే సుబ్బాయమ్మగారు కొడుకుతో అన్న మాట ఇది.

నేను ఒక గాజు తలుపును. మండపేటలో నాగభూషణం చీరల కొట్టుకు ముందు తలుపును. ఇసుకను కొలిమిలో కరిగించి నన్ను పలకగా పోశారు. అద్దాల గోదాములో నా పక్కనే, పగిలినా కోయకుండా గుళికల్లా రాలిపోయే రకం ఒకటి ఉండేది. దాని ధర విని నాగభూషణం మొహం చిట్లించి, నన్ను లారీ ఎక్కించాడు. గాయం ఎదుటివాళ్లకయ్యే చోట పొదుపు చేయడం మనుషులకు మహా ఇష్టం.

“కనపడకపోవడమే దాని గొప్పమ్మా,” అన్నాడు నాగభూషణం, ఆ రోజు తల్లి మాటకి.

“కనీసం ఓ కాగితం పువ్వయినా అంటించరా.”

“ఇంకా నయం, పసుపు రాయమన్లేదు.”

రాయకపోగా నా నెత్తిన బూడిద గుమ్మడికాయ కట్టాడు. ఏ ఆపదైనా అదే చూసుకుంటుందట.

తర్వాత బీమా ఏజెంటు ప్రకాశం వచ్చాడు. “సరుక్కి, అద్దాలకి ఒక బీమా అండి. కొట్లోకొచ్చిన మనిషికి మన వల్ల దెబ్బ తగిలితే ఆ ఖర్చు మన మీద పడకుండా ఇంకోటి.”

నాగభూషణం నవ్వాడు. “నా కొట్టుకి చీరలు కొనడానికొస్తారు గానీ దెబ్బలు తగిలించుకోడానికి రారండీ. మొదటిదే రాయండి.”

అలా నాకు బీమా ఉంది, నన్ను తోసుకుని వచ్చే మనుషులకు లేదు. ఆ రోజు నుంచి నాకు ప్రాణం కుదుటపడలేదు. పిల్లలు పరిగెత్తుకొస్తే చాలు, అయిపోయిందనుకునేదాన్ని.

శ్రావణమాసం రద్దీలో అయింది. జాకెట్లు కుట్టి బతికే మంగతాయారు లైనింగు గుడ్డ బేరం చేసి, రంగు ఎండలో చూసుకుందామని బయల్దేరింది. కళ్లు గుడ్డ మీద, ఎదురుగా వెలుగు. మధ్యలో నేనున్నానని ఆమెకు తెలియలేదు.

“ఎవరూ గాజు తొక్కకండి, చీరలకి పట్టుకుంటుంది,” అన్నాడు నాగభూషణం. అదీ ఆయన మొదటి మాట. రక్తం కారుతున్న చేతికి కొంగు చింపి కట్టి, ఆటో ఎక్కించింది సుబ్బాయమ్మగారే.

నన్ను మాత్రం జాగ్రత్తగా ఏరి గోనెసంచిలో పోశారు. బీమావాళ్లు చూసేదాకా ముక్క పోకూడదట. నాకు ఫోటోలు తీశారు. ఆమె ఎలా ఉందని నాగభూషణం ఒక్కసారైనా అడగలేదు.

ప్రకాశం నన్ను చూడటానికొచ్చిన రోజే, చేతికి కట్టుతో మంగతాయారు వచ్చింది.

“అద్దానికి డబ్బులొస్తాయంట కదండీ. మరి నా చేతికి? రెండు వేళ్లు ముడవట్లేదు. నరం కలపాలంట. ఆలస్యమైతే ఇంక కత్తెర పట్టలేవన్నారు.”

నాగభూషణం ఆమెకు బదులివ్వకుండా ప్రకాశం వైపు తిరిగాడు. “ఆ రెండోది కూడా రాసేయండి. కిందటి నెల తేదీ వేసి.”

“కట్టినా అది రేపు గుద్దుకునే మనిషికండీ. వెనక తేదీ వేయడం కుదరదు. ఈవిడకి మీరే.”

నాగభూషణం ఒక చీర మడత విప్పి, మళ్లీ మడిచి, మళ్లీ విప్పాడు. మనిషి వేలు ఏ పాటి ఖరీదు చేస్తుందో లోపల బేరమాడుకుంటున్నాడని నాకు తెలుసు. తల్లి వైపు చూశాడు. ఆవిడ చూపు తిప్పుకోలేదు. నేను లేని గుమ్మంలోంచి రోడ్డు దుమ్ము వచ్చి పట్టుచీరల మీద పడుతున్నా ఎవరూ దులపలేదు.

“ఖర్చు నాదేనమ్మా,” అన్నాడు చివరికి, మంగతాయారు మొహం చూడకుండా. “కారు తీస్తాను, పద.”